కంటికి ఒకటైతే జాతి ఒకటేనా?

పక్షిశాస్త్రవేత్తలకు పేర్లు పెంచడం తప్ప పనిలేదని ఓ దెప్పుపొడుపు ఉంది. బైనాక్యులర్స్ పెట్టి చూసినా తేడా దొరకని పిట్టను రెండు జాతులు చేయడం ఏమిటని ఎద్దేవా. వినడానికి ఇంగితజ్ఞానంలాగే ఉంటుంది. కానీ పిట్టలు జతకట్టేది మన కళ్లను అడిగి కాదు.

ఆండీస్ కొండల జెయింట్ హమ్మింగ్‌బర్డ్‌నే తీసుకోండి. (మన మందారాల మీద వాలే తేనెపిట్ట వేరు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు.) 1824లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. రెండు వందల ఏళ్లు ఒకే జాతిగా చెలామణీ అయింది. 2024లో పక్షిశాస్త్రవేత్త జెస్సీ విలియమ్సన్ బృందం గుట్టు విప్పింది. చిలీ తీరంలో గూడు కట్టే పిట్టల వీపుకు బుల్లి పరికరాలు తగిలిస్తే, అవి పెరూ కొండలకు పోయి వస్తున్నాయని తేలింది. రానూపోనూ ఎనిమిది వేల కిలోమీటర్ల పైమాటే. నాలుగు వేల మీటర్లకు పైగా ఎక్కాలి గనుక, పర్వతారోహకుల్లా దారిలో కొన్నాళ్లు ఆగి, పలచటి గాలికి ఒళ్లు అలవాటు చేసుకుని మళ్లీ ఎక్కుతాయి. అక్కడ వాటికి ఎదురయ్యే పెరూ పిట్టలు మాత్రం ఏడాది పొడుగునా కొండ దిగవు. చూపుకు రెండూ ఒకటే. జన్యువుల్లో చూస్తే, విడిపోయి ఇరవై లక్షల ఏళ్లు దాటింది.

ఉపజాతి అంటే సరిపోదా అంటారు. పెరూ పిట్టకు 1893 నుంచీ ఆ హోదా ఉన్నమాట నిజమే. అయితే ఉపజాతి అంటే పక్కవాటితో కలిసిపోగల ప్రాంతీయ రూపం. లక్షల ఏళ్లుగా ఎవరి దారి వారిదైన వాటికి ఆ చీటీ ఎలా అతుకుతుంది?

జన్యువుల్లో ఇంత శాతం తేడా ఉంటే చాలు, వేరే జాతే అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. గీటురాయి అంకె కాదు, కలుస్తున్నాయా లేదా అన్నది. కన్ను కూడా ఎదురు దిక్కున, తేడాను పెద్దది చేసి, పొరబడగలదు. జమైకాలో ఎర్రముక్కు, నల్లముక్కు స్ట్రీమర్‌టెయిల్ హమ్మింగ్‌బర్డ్‌లను పిల్లవాడైనా విడదీస్తాడు. అవేమో ద్వీపం తూర్పున సంకరమవుతున్నాయి. అక్కడ తేల్చాల్సింది ముక్కు రంగు కాదు, ఆ కలయిక ఎంత దూరం పాకుతోందన్నది.

ఒక్కోసారి చెవి ఒగ్గాలి. బహామాస్‌లోని ఇనాగువా ద్వీపాల హమ్మింగ్‌బర్డ్ తోకది వీణలాంటి వంపు, పాట తడిబూట్ల కిచకిచ. దాని చుట్టం బహామా వుడ్‌స్టార్ పాట అది కాదు. అయినా దశాబ్దాలపాటు రెంటినీ కలిపేశారు. 2015లో గానీ విడదీయలేదు. ఆ లోపు ఏ తుఫానో ఇనాగువాను ఊడ్చేసి ఉంటే, ఓ జాతే పోయినా జాబితాలో ఒక్క పేరూ తగ్గేది కాదు.