గరిటె పట్టడం బడిలోనే నేర్పాలి

నాలుగో తరగతికి గుణకారం చెప్పాల్సి వస్తే నేను పిల్లల్ని వంటగది దగ్గరకు తీసుకెళ్తాను. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని లెక్క. నలభై మంది వస్తే ఎంత? నాలుగు కిలోల బియ్యం, 800 గ్రాముల పప్పు. మా వంటమ్మ తూచి చూపిస్తుంది. ఆ లెక్క మళ్లీ మరచిపోరు.

తిండి గురించి మాత్రం అలా నేర్పడం లేదు. మాంసకృత్తులు ఎందులో ఉంటాయని అడిగితే ‘పప్పులు, గుడ్లు’ అని ఠక్కున రాసే పిల్లాడే భోజనం దగ్గర పచ్చసొన తీసి పక్కన పెడతాడు, సాంబారులో ములక్కాడ ఏరేస్తాడు. రేషన్ బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపిన పోషకాల గింజల్ని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఇళ్లలో ఏరి పారేస్తున్నారు. వాటిలో ఉన్నవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. బడిలో ఒక్కసారి విడిగా ఉడికించి చూపిస్తే ఆ సంగతి పిల్లలే ఇంటికి మోసుకెళ్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నాం, సంతోషం. అవి ఎందుకో కూడా చెప్పాలి కదా.

చెప్పకుండా నిబంధనలు పెడితే చాలదు. బడికి 50 మీటర్ల లోపల ఉప్పు, కొవ్వు, పంచదార ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. అయినా ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు దండల్లా వేలాడని కొట్టు ఏ బడి ముందుందో చెప్పండి.

పొయ్యి, కత్తి జోలికి పోకుండానే బడిలో వంటపని నేర్పవచ్చు. ఒకటి, రెండు తరగతుల వాళ్లు తోటకూర తుంచుతారు. మూడో తరగతి వాళ్లు చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు, పెసలు నానబోసి మొలకలు కడతారు. పైతరగతుల వాళ్లు మజ్జిగ చిలుకుతారు, నిమ్మకాయ పిండి వడపప్పు కలుపుతారు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ నిమ్మరసం ఎలా సాయపడుతుందో అప్పుడే చెప్పేయవచ్చు.

‘మగపిల్లాడి చేత కూరలు బాగుచేయిస్తారా?’ అని ఒక తండ్రి నిలదీశాడు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది ఎవరండీ అన్నాను. నవ్వేసి వెళ్లిపోయాడు. పిల్లల చేత వెట్టి చేయిస్తారేమోనన్న అనుమానం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే ఇది టైంటేబుల్లో ఉండాలి, టీచరు పక్కనుండాలి, రోజువారీ వంటపని పిల్లల మీద పడకూడదు.

భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించడానికే టైము చాలడం లేదని తోటి టీచర్లంటారు. నిజమే. కాబట్టి కొత్త పుస్తకం, కొత్త రిజిస్టరు వద్దు. వారానికో గంట చాలు. ఆ గంట వంటమ్మలే నేర్పాలి, దానికి గౌరవ వేతనం మీద అదనంగా డబ్బివ్వాలి. పప్పు ఎంతసేపు నానాలో మాకంటే వాళ్లకే బాగా తెలుసు.

ఐదో తరగతి చివర దీనికి రాతపరీక్ష పెట్టొద్దు. వడపప్పు కలిపి కింది తరగతుల వాళ్లకు వడ్డించమనండి. ఉప్పు సరిపోయిందో లేదో తిన్నవాళ్లే చెబుతారు.