నిర్వచనం దగ్గరే ఆగిపోతే ఎలా?

'అనిషేక జననం అంటే ఏమిటి?' అని అడిగితే మనలో చాలామంది ఠక్కున చెప్పేస్తారు: ఫలదీకరణ లేకుండానే అండం నుంచి పిల్ల పుట్టడం. మార్కు పడినట్టే. కానీ ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన 'అలా పుట్టిన పిల్ల జన్యువుల సంగతేమిటి?' అని అడిగితే? 'తల్లికి నకలు సార్' అనేసి ఊరుకుంటాం. ఆ జవాబు అన్నిచోట్లా నిజం కాదు.

అమెరికాలోని న్యూమెక్సికో విప్‌టెయిల్ బల్లిని చూడండి. ఈ జాతిలో అన్నీ ఆడవే. రెండు వేర్వేరు జాతులు కలిసి పుట్టిన సంకరం ఇది. మామూలుగా అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గుతుంది. విప్‌టెయిల్ ఆడ జాతుల్లో మాత్రం క్షయకరణ విభజనకు ముందే క్రోమోజోములు అదనంగా ఒకసారి రెట్టింపవుతాయి. పైగా తల్లి వైపుది, తండ్రి వైపుది జతకట్టడానికి బదులు, ఒకేలాంటి నకళ్లే జతకడతాయి. అమెరికాలోని స్టోవర్స్ సంస్థ పరిశోధకులు 2010లో ఈ సంగతి బయటపెట్టారు. నకళ్ల మధ్య ముక్కలు మారినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు కదా! అందుకే రెండు జాతుల నుంచి వచ్చిన వైవిధ్యం చెక్కుచెదరకుండా పిల్లకు అందుతుంది.

కొమొడో డ్రాగన్ కథ వేరు. బ్రిటన్ జూలలో మగతోడు లేకుండా వచ్చిన పిల్లల్ని 2006లో పరీక్షిస్తే, చూసిన ప్రతి జన్యుస్థానంలోనూ రెండు ప్రతులూ ఒకేలా ఉన్నాయి. అంటే తల్లికున్న వైవిధ్యంలో కొంత పోయినట్టే. దాగి ఉన్న లోపాలు బయటపడే ప్రమాదమూ ఎక్కువే. పేరు ఒక్కటే, ఫలితాలు రెండు.

అలాగని విప్‌టెయిల్‌కు చింతే లేదనుకోవద్దు. మగతోడు వెతుక్కునే పని లేదు, ఒక్క ఆడబల్లి చాలు కొత్తచోట సంతతి పెరగడానికి. అది లాభం. కానీ పేకముక్కలు కలపకుండా తరతరానికీ అవే పంచుతున్నట్టు ఉంటుంది. హానిచేసే ఉత్పరివర్తనం చేరితే వదిలించుకోవడం కష్టం. 'ముల్లర్ రాట్చెట్' అని పుస్తకాల్లో చదివేది ఇదే. కొత్త రోగం వస్తే తట్టుకునే కొత్త కలయిక అంత తేలిగ్గా దొరకదు.

మన ప్రిపరేషన్ కూడా ఒక్కోసారి ఇలాగే ఉంటోంది. అందరిదీ అదే గైడు, అవే బిట్లు. ప్రశ్న కాస్త అటూ ఇటూ అయితే అందరం ఒకేచోట తడబడతాం. కాబట్టి ఏ టాపిక్ చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎలా జరుగుతోంది? ఎక్కడ భిన్నంగా జరుగుతోంది? దానివల్ల ఏమవుతుంది? రోజుకు ఒక్క టాపిక్ ఇలా చదివినా చాలు, బోర్డు ముందు మీ జవాబు పక్కవాడి జవాబుకు నకలు కాదు.