కాన్పుకి అడ్మిన్ రైట్స్ ఎవరివి?

పేద దేశాల్లో కాన్పులప్పుడు ఆడవాళ్ళు ఎందుకు చనిపోతున్నారంటే, ఆస్పత్రుల్లేక, రోడ్లు లేక అంటాం. నిజమే కానీ సగమే నిజం. 2023లో ప్రపంచం మొత్తమ్మీద గర్భంతోనో, కాన్పులోనో, ఆ తర్వాత కొద్దిరోజులకో చనిపోయినవాళ్ళు సుమారు 2,60,000 మంది. అంటే రోజుకి ఏడొందల పైమాటే. రక్తస్రావం, బీపీ, ఇన్‌ఫెక్షన్... చాలామటుకు వైద్యం తెలిసిన జబ్బులే.

మన భాషలో చెప్పాలంటే ఇది లేటెన్సీ ప్రాబ్లం. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఆలస్యాన్ని మూడు ముక్కలు చేసి చూపించారు. ఆస్పత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. అంబులెన్సు పెడితే రెండోది తగ్గుతుంది. డాక్టరూ, రక్తం సిద్ధంగా ఉంటే మూడోది తగ్గుతుంది. మరి మొదటిదో? అది ఇంట్లో ఉంది.

ఇథియోపియా సంగతే చూడండి. 2011 సర్వే నాటికి నూటికి 90 కాన్పులు ఇళ్ళలోనే. ఆస్పత్రికి ఎందుకెళ్ళలేదని అడిగితే 61 శాతం మంది "అవసరం లేదు" అన్నారు, 30 శాతం మంది "మా ఆనవాయితీ కాదు" అన్నారు. మూఢత్వం అని తీసిపారెయ్యడం తేలికే. కానీ అయినవాళ్ళని బయటే ఆపేసి, ముక్కూమొహం తెలీనివాళ్ళ మధ్య పడుకోబెడితే ఎవరికి మాత్రం వెళ్ళాలనిపిస్తుంది? అక్కడ కొన్ని హెల్త్ సెంటర్లు బాలింతకి పెట్టే గెన్ఫో (మన సంకటి లాంటిదే) అక్కడే వండుకోనిచ్చాయి, కాఫీ వేడుక చేసుకోనిచ్చాయి. 2003 నుంచీ ప్రభుత్వం ఊళ్ళలోని ఆడపిల్లలకే ట్రైనింగూ జీతమూ ఇచ్చి ఇంటింటికీ పంపింది. 2019కల్లా ఆస్పత్రి కాన్పులు 48 శాతానికి చేరాయి. అంతా సంకటి మహిమే అని నేననను. అంబులెన్సులూ, కొత్త హెల్త్ సెంటర్లూ కలిశాయి. కానీ ఆనవాయితీని తిట్టకుండా దానికి తలుపు తీయడం కూడా పనిచేసింది.

"మనం వాళ్ళలా కాదులే" అనుకుంటున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతం పైగా కాన్పులు సిజేరియన్లే. ఇందులో ప్రైవేటు ఆస్పత్రుల బిల్లుల వాటా ఎంతో ఉంది, ఒప్పుకుంటాను. కానీ పంతులుగారు రాసిచ్చిన టైము పట్టుకుని డాక్టరు చుట్టూ తిరిగే పెద్దమనుషులు మనకి తెలీనివాళ్ళు కారు. అక్కడ పెద్దలు ఆస్పత్రి వద్దంటారు, ఇక్కడ పెద్దలు ఫలానా లగ్నానికే కొయ్యమంటారు. కనేది ఆవిడ, అడ్మిన్ రైట్స్ మాత్రం వేరేవాళ్ళ దగ్గర.

అందుకే నా లెక్కలో ఆస్పత్రి కట్టడం ఎంత ముఖ్యమో, ఆ నిర్ణయం ఆవిడ చేతికి రావడం అంతే ముఖ్యం. మీ ఇంట్లో కాన్పు దగ్గరపడుతుంటే ఉయ్యాల కొనేముందు ఒక్కటి చూసుకోండి. అర్ధరాత్రి రక్తం కనిపిస్తే, ఎవర్నీ అడక్కుండా బయల్దేరే ధైర్యమూ, ఏటీఎం కార్డూ ఆవిడ దగ్గరున్నాయా?