వక్కిలేరు దాటినప్పుడు

ఆళ్లగడ్డ యవ్వనస్థులు పిక్నిక్ అంటే అహోబిలం అడవే అంటారు. తప్పు కాదు. అయితే మొన్న వక్కిలేటి ఒడ్డున కాసేపు నిలబడి, నల్లమల వైపు చూస్తూ అనుకున్నాను: మనం ముత్యాలపాడుకు ఎందుకు వెళ్లం? 1850లలో ఎస్.పి.జి. మిషనరీ జాన్ క్లే దొరగారు సేవ చేసిన ఊరు. దొరగారి పేరు మనకు కంఠస్థం. అక్కడ మొదట వాక్యం విన్న మాలపేట కుటుంబాల పేర్లో? కాపరినైన నాకే తెలియవు, సిగ్గుగా ఉంది. యెహోషువ 4లో యొర్దాను రాళ్లు మోసిన పన్నెండుమంది పేర్లూ వ్రాయబడలేదు, నిజమే. కానీ ఆ రాళ్లెందుకని పిల్లలు అడిగితే చెప్పాలని అక్కడే ఉంది. అందుకే ఈసారి సండేస్కూలు బస్సులో పులిహోర పొట్లాలతో పాటు ఒక నోటుపుస్తకం, మన సంఘంలోని ఇద్దరు అవ్వలు కూడా వస్తారు. ముందు సీట్లు వాళ్లవి.