వేలికొసన వివక్ష

కొవిడ్ రెండో ఉద్ధృతిలో ఎవరికి పడక ఇవ్వాలో, ఎవరిని ఇంటికి పంపాలో చాలాచోట్ల పల్స్ ఆక్సీమీటర్ చూపిన అంకే తేల్చింది. ఎరుపు, పరారుణ కాంతులను వేలి గుండా పంపి, రక్తం ఏ మేరకు పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతాన్ని లెక్కగట్టే సాధనమిది. చర్మంలోని మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. అందుకే ముదురు చర్మం ఉన్నవారిలో ఇది అసలు కంటే ఎక్కువ శాతం చూపే ప్రమాదముంది.

ఆ ప్రమాదం ఎంతటిదో 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అమెరికా అధ్యయనం లెక్కతో చూపింది. పరికరం 92-96 శాతమని భరోసా ఇస్తుండగా ధమని రక్తంలో 88 శాతం కూడా లేని సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతి వారిలో 11.7 శాతం! ఇది కొత్త సంగతీ కాదు. 1990లోనూ, 2005లోనూ పరిశోధకులు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకాల్లో పదిమందిపై పరీక్ష, అందులో ముదురు చర్మం గలవారు ఇద్దరుంటే చాలని సరిపెట్టింది. పరీక్షించాల్సిన వారి సంఖ్యను పది నుంచి 150కి పెంచే ముసాయిదా 2025 జనవరిలో గానీ వెలువడలేదు. తెలియక జరిగితే పొరపాటు. తెలిసీ దశాబ్దాలు ఉపేక్షించడం నేరపూరిత నిర్లక్ష్యం.

మన దేశంలో 2021 జులైలో ఆక్సీమీటర్లపై వ్యాపార లాభాన్ని 70 శాతానికి కట్టడి చేశారు. మంచి నిర్ణయమే. అయితే, ప్రాణం మీదికి తెచ్చే తప్పుడు భరోసా చౌకగా దొరికితే పేదవాడికి ఒరిగేదేముంది? ఈ ముప్పు ఆక్సీమీటర్‌తోనే ఆగదు. సూది గుచ్చకుండా హిమోగ్లోబిన్‌నూ, పసికందుల కామెర్లనూ కాంతితోనే కొలిచే చవక పరికరాలు ఇప్పుడు పడక పక్కకు చేరుతున్నాయి. రక్తహీనత ఇంటింటా ఉన్న దేశంలో ఆ కొలత తప్పితే నష్టపోయేది ల్యాబ్ పరీక్షకు నోచుకోని గర్భిణులే. ఆక్సీమీటర్ విషయంలో చెల్లిన అలసత్వమే వాటికీ ఒరవడి కారాదు.

చామనఛాయ నుంచి కారునలుపు దాకా అన్ని మేనిఛాయలపైనా పరీక్షించి, ఫలితాలను బహిరంగపరచాకే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి పరికరాలకు అనుమతివ్వాలి. తెలుగు రాష్ట్రాల వైద్య సేవల సంస్థలు దాన్ని టెండరు షరతుగా విధించాలి. కొనుగోలుదారుగా ప్రభుత్వానికున్న బలం తక్కువేమీ కాదు. పౌరులందరికీ వర్తించని కొలతను ప్రజాధనంతో కొనే హక్కు మాత్రం ఏ ప్రభుత్వానికీ లేదు.