టోపీ ఏ రంగు?

మా ఇంట్లో రోజూ పొద్దున 8 గంటలకి ఇద్దరికి ఇన్సులిన్ పడుతుంది. ఒకరు 76 ఏళ్ల మా నానమ్మ. రెండోవాడు 11 ఏళ్ల పండుగాడు. పండుగాడంటే మా పిల్లి. నానమ్మ వేలికి సూది, వాడి చెవికి సూది. నానమ్మ "అబ్బా" అంటుంది. వాడు అదీ అనడు, నా వైపు ఒక చూపు చూసి ఊరుకుంటాడు.

"పిల్లికి షుగరేంటి?" అని అడగని ఫ్రెండ్ లేడు నాకు. వస్తుంది. పైగా వాటిది ఎక్కువగా మన పెద్దవాళ్లకొచ్చే టైప్ 2 లాంటిదే. వయసు మీద పడ్డ, ఆపరేషనైన మగపిల్లి, దానికి తోడు లావు, రోజంతా ఫ్లాట్‌లో సోఫా మీద నిద్ర... ఈ లిస్టులో మా వాడికి అన్నీ టిక్కులే.

ముందు కనిపెట్టింది నేను కాదు, నానమ్మే. గిన్నెలో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. లిట్టర్ ట్రేలో ఉండలు బత్తాయి కాయలంత వస్తున్నాయి. తిండి మాత్రం బ్రహ్మాండంగా తింటున్నాడు, అయినా వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు తగులుతున్నాయి. "వీడికి షుగరొచ్చిందే. నాకూ ఇలాగే మొదలైంది" అంది. నేను నవ్వేశాను. తర్వాత రెండు వారాలకి వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి, కుందేలులా ఈడ్చుకుంటూ నడవడం మొదలెట్టాడు. సోఫా ఎక్కలేకపోయాడు. అప్పుడు పరిగెత్తాను. షుగర్ ఎక్కువ రోజులు అదుపులో లేకపోతే కాళ్ల నరాలు దెబ్బతిని పిల్లులు అలా నడుస్తాయని డాక్టర్ చెప్పాక తెలిసింది. రెండు వారాలు నవ్వుతూ కూర్చున్నందుకు ఇప్పటికీ బాధే.

క్లినిక్‌లో షుగర్ 380 వచ్చింది. అయినా డాక్టర్ వెంటనే తేల్చలేదు. బుట్టలో పెట్టి, ఆటోలో తెచ్చి, పక్కన కుక్క మొరుగుతుంటే చూస్తే, షుగర్ లేని పిల్లికి కూడా భయంతోనే నంబర్ పైకి పోతుందట. అందుకే మూత్రం టెస్టు, దాంతో పాటు ఫ్రక్టోజమైన్ అనే రక్తపరీక్ష చేయించారు. మనుషులకి మూడు నెలల సగటు తెలిసే టెస్టు ఉంది కదా, అలాంటిదే ఇది. కాకపోతే గడిచిన రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. అది కూడా ఎక్కువే వచ్చింది. ఇక అనుమానం లేదు.

ఇంటికొచ్చి చెప్తే నానమ్మ తన మాత్రల డబ్బా తీసింది. "సగం ముక్క వెయ్యరాదూ?" అని. వద్దు. మనుషుల షుగర్ మాత్రలు పిల్లికి మన ఇష్టానికి వెయ్యకూడదు. చాలా పిల్లులకి ఇన్సులినే మందు. మా డాక్టర్ రాసింది గ్లార్జిన్, మనుషులు వాడేదే. 12 గంటలకోసారి, 1 యూనిట్. దాంతో పాటు నానమ్మ పెట్టే పెరుగన్నం, మారీ బిస్కెట్లు బంద్. పిల్లి పూర్తిగా మాంసాహారి, దాని ఒంటికి పిండిపదార్థాల పని పెద్దగా లేదు. గింజల డ్రై ఫుడ్ తగ్గించి, పిండి తక్కువున్న వెట్ ఫుడ్‌కి మార్చాం. ఈ మార్పు కూడా డాక్టర్‌కి చెప్పే చెయ్యాలి. ఎందుకంటే తిండి మారితే షుగర్ దిగుతుంది, డోసు పాతదే ఉంటే ప్రమాదం.

సూది వెయ్యడం నేను భయపడినంత కష్టం కాదు. పక్క డొక్క మీద వదులుగా ఉన్న చర్మం గుడారంలా పైకి లాగి, అడుగున గుచ్చడమే. వాడు తింటుండగా వేస్తే తలెత్తి కూడా చూడడు. కష్టమల్లా రక్తం తీయడమే. చెవి అంచు వెంట సన్నటి నరం ఒకటి ఉంటుంది. ముందు చెవిని వెచ్చగా చెయ్యాలి. మేం గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ అర నిమిషం పెడతాం. చెవి వెనక దూది ఆనించి, లాన్సెట్‌తో అంచున ఒక్క గుచ్చు. ఆవగింజంత చుక్క చాలు. తర్వాత దూదితో కాసేపు నొక్కి పట్టి, ఉడికించిన చికెన్ ముక్క ఒకటి. మొదటి వారం మూడు స్ట్రిప్పులు వేస్టయితే ఒకటి పనిచేసేది. ఇప్పుడు చికెన్ వాసన రాగానే వాడే వచ్చి కూర్చుంటాడు. ఇంకో సంగతి, మనుషుల మీటర్‌లో పిల్లి రక్తం పెడితే మామూలుగా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. మేం పెంపుడు జంతువుల మీటర్ కొన్నాం. ఏది వాడినా అది డాక్టర్‌కి చెప్పి, ఎప్పుడూ అదే వాడాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే ఈ వారం రాస్తున్నా.

మూడో నెలలో ఒక రాత్రి. 8 అయింది. వాడు తిన్నాడు. షుగర్ చూస్తే 240. సిరంజి కోసం డబ్బా తెరిస్తే ఖాళీ. ఆరెంజ్ టోపీ సిరంజీలు అయిపోయాయి. బయట వాన. ఫ్రిజ్ పక్కనే నానమ్మ సిరంజీల ప్యాకెట్ ఉంది, ఎర్ర టోపీలవి. సిరంజి సిరంజే కదా అనుకున్నా. 1 గీత దాకా లాగాను, వేసేశాను, ఫోన్ పట్టుకుని పడుకున్నాను.

12 దాటాక నానమ్మ లేపింది. "వీడు తూలుతున్నాడే. నాకు షుగర్ పడిపోయినప్పుడు ఇలాగే ఉంటుంది" అంది. ఈసారి నవ్వలేదు. హాల్లో పండుగాడు గోడ పట్టుకుని నడుస్తున్నట్టు ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి. పిలిస్తే చూడట్లేదు. చెవి గుచ్చాను. మీటర్‌లో 38.

నానమ్మే తేనె సీసా తెచ్చింది. డాక్టర్ మొదటి రోజే చెప్పారు: ఇలా అయితే తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ వేలితో చిగుళ్లకి రాయాలి, గొంతులో పొయ్యకూడదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాస్తూనే రాత్రంతా తెరిచి ఉండే క్లినిక్‌కి ఫోన్ చేసి, టవల్లో చుట్టి తీసుకెళ్లాం. తేనెతో కాస్త తేరుకున్నా అక్కడితో ఆగకూడదు, ఒంట్లో ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. గంటగంటకీ చెవి గుచ్చారు. తెల్లారి 6 గంటలకి 150 దాటింది. వాడు మ్యావ్ అన్నాడు. ఆకలిట.

"ఎంత వేశావు?" అని అడిగారు డాక్టర్. "1 యూనిట్టే" అన్నాను. "ఏ సిరంజితో?" అన్నారు. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించారు.

మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. నానమ్మ వాడే సీసాలో ఒక మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు. దానికి ఎర్ర టోపీ సిరంజి. పండుగాడి గ్లార్జిన్‌లో ఒక మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు. దానికి ఆరెంజ్ టోపీ. ఎర్ర సిరంజిలో 1 గీత అంటే మిల్లీలీటర్‌లో 40వ వంతు. అందులో 100 గాఢత మందు నింపితే ఒంట్లోకి పోయేది 1 యూనిట్ కాదు, రెండున్నర. నేను వాడికి రెండున్నర రెట్లు మందు వేశానన్నమాట. ఐదు కిలోల ప్రాణికి.

ఇది పిల్లుల సంగతే కాదు. మీ ఇంట్లో అమ్మకో, తాతయ్యకో ఇన్సులిన్ ఉంటే ఇప్పుడే లేచి ఫ్రిజ్ తెరిచి చూడండి. సీసా మీద 40 ఉందా, 100 ఉందా? సిరంజి మీద ఏముంది? రెండూ ఒకటి కావాలి. మెడికల్ షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకోకండి, నంబర్ చెప్పి అడగండి.

ఆ రాత్రి వరకు నా భయమంతా పెద్ద నంబర్ల మీదే. 300 కనిపిస్తే నిద్ర పట్టేది కాదు. పెద్ద నంబర్ మెల్లగా దెబ్బ తీస్తుంది, సరిచేసుకోవడానికి టైముంటుంది. చిన్న నంబర్ ఒక్క రాత్రిలో ప్రాణం తీస్తుంది. అందుకే ఇప్పుడు కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. షుగర్ చూడకుండా సూది లేదు. తినకపోయినా, నంబర్ తక్కువున్నా సూది పట్టుకోకుండా డాక్టర్‌కి ఫోన్. వేశానో లేదో గుర్తులేకపోతే మళ్లీ వెయ్యం, ఒక పూట తప్పినా పర్లేదు గానీ రెండుసార్లు పడితే ప్రమాదం. ఒకరోజు నంబర్ పెరిగిందని మనమే డోసు పెంచం. నెలకోసారి 12 గంటల పాటు రెండేసి గంటలకి చెవి గుచ్చి, ఆ నంబర్లు డాక్టర్‌కి వాట్సాప్ చేస్తే డోసు సంగతి ఆవిడే చూస్తారు.

ఇప్పుడు వాడి కాళ్లు కొంచెం నయం. సోఫా ఎక్కుతున్నాడు, ఫ్రిజ్ మాత్రం ఇంకా ఎక్కలేడు. కొన్ని పిల్లులకి మొదట్లోనే అదుపు దొరికితే ఇన్సులిన్ అవసరం పోతుందట. మా వాడికి ఇంకా అలా కాలేదు. అయితే సంతోషం, కాకపోతే రోజుకి రెండు సూదులు.

నానమ్మ సిరంజీలు ఇప్పుడు ఆవిడ గదిలో, బీరువాలో ఉంటాయి. వాడివి వంటగదిలో. అయినా నేను సూది పట్టుకున్న ప్రతిసారీ, లోపల భక్తి ఛానెల్ ఎంత గట్టిగా మోగుతున్నా, ఆ గదిలోంచి గొంతు వినిపిస్తుంది.

"టోపీ ఏ రంగే?"

"ఆరెంజే నానమ్మా."

"చూసి చెప్పు."

చూసే చెప్తాను.