బాధ లేనివారికే పరీక్ష కావాలి

పద్మారావునగర్ పార్కులో ఉదయపు నడక ముగించుకుని బయటకు వస్తుండగా ఒక యువకుడు నా చేతిలో కరపత్రం పెట్టాడు. ఎనభైకి పైగా రక్తపరీక్షలు, ఇంటికే వచ్చి నమూనా తీసుకుంటారు, దంపతులకు రాయితీ. నాతో కలిసి నడిచే విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒకరు వెంటనే అడిగారు: "డాక్టరు గారూ, చేయించుకోమంటారా?"

ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. చెప్పవలసినది ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

ప్రతి కుటుంబమూ క్రమం తప్పక ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. అయితే ఏ పరీక్ష, ఏ వయసులో, ఎవరికి అన్నది కరపత్రం నిర్ణయించరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో అందరి తరువాత వైద్యుని వద్దకు వచ్చే మనిషిని అందరికంటే ముందు తీసుకుని రావాలి. ఈ చివరి మాట పుస్తకాలు నేర్పినది కాదు, మా ఇల్లు నేర్పినది.

సీతాఫల్‌మండిలో మేము ఉమ్మడిగా ఉన్న రోజులవి. ప్రభుత్వ సర్వీసులో ఉన్న నేను ఆదివారాలు వైద్యశిబిరాలకు వెళ్లేవాణ్ణి. వందలమందికి రక్తపోటు చూసేవాణ్ణి. ఆ ఉదయాలు నాకు క్యారియరు కట్టి పంపినది మా వదిన. ముట్లు ఆగిపోయిన కొన్నేళ్లకు ఆమెకు మళ్లీ రక్తస్రావం మొదలైంది. వేడి చేసిందనుకుని కొన్ని నెలలు ఎవరికీ చెప్పలేదు. మరిదికి ఆ మాట ఎలా చెప్పడమన్న సంకోచం కూడా ఉండి ఉంటుంది. చెప్పేసరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చుట్టుపక్కల భాగాలకు పాకింది. రెండేళ్లు బ్రతికింది. మేము వైద్యవిద్య చదివే నాటికే పాప్ పరీక్ష ఉన్నది, నేను పనిచేసిన ఆసుపత్రిలోనూ ఉన్నది. ఒక్కసారైనా ఆమెను తీసుకువెళ్లలేదు. ఆమె ఎన్నడూ ఏ బాధా చెప్పలేదు గనుక ఆరోగ్యంగా ఉన్నదనుకున్నాను. నేను చేసిన పొరపాటు అదే.

బాధ ఉన్నవారికి చేసేది రోగనిర్ధారణ. ఏ బాధా లేనివారిలో రోగాన్ని వెతకడమే స్క్రీనింగ్. మన సికింద్రాబాద్‌కు ఈ సంగతి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని ఒక చిన్న గదిలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఎన్నో దోమలను ఓపికగా కోసి వెతికిన తరువాతే అది ఆయనకు కనిపించింది.

రక్తపోటు, మధుమేహం కూడా వెతికితేనే కనిపించే వ్యాధులు. భారత వైద్య పరిశోధనా మండలి దేశవ్యాప్తంగా జరిపించిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉన్నది. తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటేనే బీపీ ఉన్నట్టని చాలామంది భ్రమ. అత్యధికులలో దానికి లక్షణమే ఉండదు, పక్షవాతమో గుండెపోటో వచ్చిన నాడే బయటపడుతుంది. ఇల్లు కాలుతుండగా బావి తవ్వడమంటే ఇదే.

ఇక స్త్రీల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన, మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న స్త్రీలు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ పరీక్ష ఖరీదైనది కాదు. పలుచని ఎసిటిక్ ఆమ్లం, అనగా వెనిగర్ వంటి ద్రవం, పూసి కంటితో చూసే పద్ధతి ఉన్నది. ముంబయి బస్తీలలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఆ పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినందుకే మరణాలు దాదాపు సగమయ్యాయి. ఆ ఫలితాలు 2009లోనే వచ్చాయి. మన పల్లెలలో, మన బస్తీలలో సాధించదగిన విజయమే ఇది.

"మంచిదే కదా, ఆ ఎనభై పరీక్షలూ చేయించుకుంటే ఏం పోయింది?" అని మీరు అడగవచ్చు. డబ్బు మాత్రమే కాదు, మనశ్శాంతి కూడా పోతుంది. చాలా రక్తపరీక్షలలో "సాధారణ పరిమితి" అన్నది ఆరోగ్యవంతులలో నూటికి 95 మంది ఇమిడేటట్లు గీసిన గీత. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ రోగమూ లేని నూరుగురిలో 64 మందికి ఏదో ఒక అంకె గీత దాటి, రిపోర్టులో ఎర్రగానో నల్లగానో మెరుస్తుంది. అక్కడినుండి స్కానింగులు, మళ్లీ పరీక్షలు, నిద్రలేని రాత్రులు. దక్షిణ కొరియాలో ఆసుపత్రులు ఆరోగ్యవంతులకు విరివిగా థైరాయిడ్ స్కానింగ్ చేశాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ప్రాణాపాయం లేని కణుతుల కోసం ఎందరో గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలకు కట్టుబడ్డారు.

కాబట్టి తక్కువ పరీక్షలు, సరైన వయసులో, క్రమం తప్పకుండా. ఒక కుటుంబానికి నా సలహా ఇది.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఏడాదికొకసారి రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన బెంగపడవద్దు, మరో రోజు మళ్లీ చూపించుకోవాలి.

ముప్పై నుండి అరవై అయిదేళ్ల లోపు స్త్రీలకు అయిదేళ్లకొకసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష, దానితోపాటు వైద్యురాలి చేత రొమ్ముల పరీక్ష.

గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట, సిగరెట్టు అలవాటున్నవారికి నోటి పరీక్ష. మూడు వారాలకు మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే ఒక్క రోజు కూడా ఆగరాదు.

మధుమేహం ఇప్పటికే ఉన్నవారికి ఏటా కంటి రెటీనా, పాదాలు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్.

పిల్లలకు కంటిచూపు, వినికిడి, పళ్లు. చదువులో మందకొడి అని మనం తిట్టే పిల్లవానికి నల్లబల్ల కనిపించకపోవడమే కారణం కావచ్చు.

అరవై దాటినవారికి శుక్లాలు, వినికిడి. 2018లో తెలంగాణలో కంటి వెలుగు మొదలైనప్పుడు శిబిరానికి వచ్చిన ఎందరో వృద్ధులు "వయసు కదా, ఇంతే" అనుకుని మసక చూపుతో ఏళ్లు గడిపినవారే. ఒక కళ్లజోడు వారి బ్రతుకును మార్చింది.

వీటిలో చాలా భాగానికి పైసా ఖర్చు లేదు. దగ్గరలోని బస్తీ దవాఖానాలో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడ లేనిదానికి ఎక్కడికి వెళ్లాలో వారే చెబుతారు. ఒక మామూలు నోటుపుస్తకంలో ఇంటిల్లిపాది పేర్లూ వ్రాసి, తేదీతో సహా అంకెలు నమోదు చేయండి. ఒక్క ఏటి అంకె కంటే అయిదేళ్ల వరుస వైద్యునికి ఎక్కువ విషయం చెబుతుంది. ఏడాదిలో ఒక రోజు ఎంచుకోండి. మన లష్కర్ బోనాలు ముగిసిన మరుసటి వారమైనా సరే, ఇంట్లో అందరూ కలిసి వెళ్లండి.

ఇంకొక మాట. పరీక్ష చేయించి, రిపోర్టును బీరువాలో పెట్టి తాళం వేస్తే ఫలితం సున్న. చక్కెర ఎక్కువని తెలిసి మందు వాడనివారిని, నాలుగు నెలలు వాడి "తగ్గింది" అని మానేసినవారిని నా సర్వీసులో లెక్కలేనంతమందిని చూశాను. చికిత్స కొనసాగించే ఉద్దేశం ఉంటేనే పరీక్షకు అర్థం.

మళ్లీ పార్కు గేటు దగ్గరకు వస్తాను. ఆ మిత్రుని నేనొక ఎదురు ప్రశ్న అడిగాను: "మీ శ్రీమతి గారికి బీపీ చూసి ఎన్నాళ్లయింది?"

ఆయన కాసేపు ఆలోచించి, "మా చిన్నవాడి కాన్పప్పుడు చూశారండి" అన్నారు.

ఆ చిన్నవానికి ఇప్పుడు నలభై ఏళ్లు. ఆమెను ఈ వారంలోనే తీసుకుని వెళ్లండని చెప్పాను. మీకు కూడా నేను చెప్పగలిగినది అంతే. ఇంటికి వెళ్లి ఇదే ప్రశ్న మీ అమ్మగారినో, వదిననో, భార్యనో అడగండి. జవాబు గుర్తు తెచ్చుకోవడానికి వారికి సమయం పడుతున్నదంటే, మొదట వెళ్లవలసినది వారే.